పసుపు పిన్ను నుంచి హెచ్‌డీఎంఐ దాకా: పాత వీడియో సిగ్నల్‌ని మార్చడం అంటే అసలు ఏం జరుగుతుంది?

కొత్త టీవీ కొన్నవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "పాత వీసీపీని (వీడియో క్యాసెట్లు చూపించే మిషన్ని) దీనికి ఎలా కలపాలి?" కొన్ని టీవీల వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు గుచ్చే చోటే లేదు. కొన్నిటిలో హెడ్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒక్కటి ఉంది. ఇంకోపక్క, వీహెచ్ఎస్ క్యాసెట్లను చూపించడంతోపాటు రికార్డు కూడా చేసే వీసీఆర్లను చివరిదాకా తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని మానేసింది. అంటే ఇప్పుడు ఇళ్లలోనూ, రిపేరు షాపుల్లోనూ మిగిలిన మిషన్లతోనే సరిపెట్టుకోవాలి. 1980లు, 90ల నాటి పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశాలు ఉన్న టేపులేమో ఏటికేడు పాడవుతున్నాయి. అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడీ తొందర.

షాపుకి వెళ్లి "కన్వర్టర్ ఇవ్వండి" అంటే చిన్న పిన్ను దగ్గర్నుంచి వేల రూపాయల పెట్టె దాకా అన్నిటినీ అదే పేరుతో చూపిస్తారు. తెచ్చి పెడితే ఒకదానితో బొమ్మ బాగానే వస్తుంది, ఇంకోదానితో నలుపు తెలుపుల్లో వస్తుంది, మరోదానితో పైకి దొర్లిపోతూ ఉంటుంది. వస్తువు మంచిదా కాదా అన్నది తర్వాతి సంగతి. ముందు తెలియాల్సింది ఏమిటంటే, వీడియోని మార్చడం అనే మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, తీగ కొసన ఉన్న పిన్ను ఆకారం మార్చడం. రెండు, రంగును ఏ పద్ధతిలో కట్టి పంపారో ఆ కట్టు మార్చడం. మూడు, సెకనుకు ఎన్ని బొమ్మలు, ఒక్కో బొమ్మకు ఎన్ని గీతలు అన్న లెక్క మార్చడం. మొదటిదానికి లోహపు ముక్క చాలు. రెండోదానికి సర్క్యూట్ కావాలి. మూడోదానికి జ్ఞాపకశక్తి ఉన్న మిషను, అంటే మెమరీ చిప్ ఉన్నది కావాలి. ఈ తేడా పట్టుబడితే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

తీగలో బొమ్మ ఎలా ప్రయాణిస్తుంది

డబ్బా టీవీ బొమ్మను ఒక్కసారిగా చూపించదు. ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, వెనక్కి వచ్చి దాని కింద ఇంకోటి గీస్తుంది. ఆ గీత పొడవునా వెలుగు ఎక్కడ ఎంత ఉండాలో తీగలోని వోల్టేజీ చెబుతుంది. మొత్తం సిగ్నల్ ఎత్తు సుమారు ఒక వోల్టు. అందులో 0.7 వోల్టు బొమ్మకి, 0.3 వోల్టు "ఇక్కడ గీత అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టు" అని చెప్పే సూచనకి. ఈ సూచన పేరు సింక్. ఇది టీవీకి అందకపోతే బొమ్మ పక్కలకి చిరిగినట్టో, పైకి జారినట్టో కనిపిస్తుంది.

మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. 625లో బొమ్మగా కనిపించేవి దాదాపు 576. కిరణం కింది నుంచి మళ్లీ పైకి వెళ్లే సమయంలో మిగతావి గడిచిపోతాయి. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు పడుతుంది, అందులో బొమ్మ కనిపించేది 52 మైక్రోసెకన్లు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, తర్వాత చాలా చోట్ల ఇదే అడ్డొస్తుంది. 25 బొమ్మలు వరసగా చూపిస్తే తెర మిణుకుమిణుకుమంటుంది. అందుకని ఒక్కో బొమ్మను రెండు సగాలుగా పంపుతారు: ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. ఈ సగం పేరు ఫీల్డు. సెకనుకి 50 ఫీల్డులు. కెమెరా ఈ రెండు సగాలనూ ఒకే క్షణంలో తీయదు, మధ్యలో సెకనులో యాభయ్యో వంతు గడుస్తుంది. పిల్లాడు పరిగెడుతుంటే బేసి గీతల్లో ఒకచోట, సరి గీతల్లో కాస్త ముందుకు ఉంటాడు. డబ్బా టీవీలో ఇది కంటికి తెలియదు. ఎల్‌ఈడీ తెర మీద రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తే మాత్రం ఆ పిల్లాడి అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి.

రంగును వెలుగుతో కలిపి పంపిన పద్ధతి

తెర మీద కావాల్సింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు వెలుగులు. వాటిని మూడు తీగల్లో విడివిడిగా పంపితే సరిపోయేది. అమెరికాలో 1953లో కలర్ ప్రసారాల పద్ధతిని ఖాయం చేసేసరికి దేశమంతా నలుపు తెలుపు టీవీలున్నాయి. అవి మూలపడకూడదు. కాబట్టి వెలుగును యథాతథంగా ఉంచి, రంగును దానికి అదనంగా జోడించారు. మన దేశంలో 1982 ఆగస్టు 15న కలర్ ప్రసారాలు మొదలైనప్పుడు, ఆ ఏడాది ఢిల్లీ ఆసియా క్రీడలను ఇంట్లో నలుపు తెలుపు టీవీలోనే చూసినవాళ్లు కోకొల్లలు. వాళ్ల టీవీలు ఆగకుండా పనిచేయడానికి కారణం ఈ ఏర్పాటే.

వెలుగును ఇంజినీర్లు వై అంటారు. లెక్క ఇది: వై = 0.299 ఎరుపు + 0.587 ఆకుపచ్చ + 0.114 నీలం. మన కన్ను ఆకుపచ్చకు ఎక్కువగా, నీలానికి తక్కువగా స్పందిస్తుంది కాబట్టి ఆ వంతులు. దీంతోపాటు రెండు తేడాలు పంపుతారు: నీలంలోంచి వై తీసేస్తే వచ్చేది ఒకటి, ఎరుపులోంచి వై తీసేస్తే వచ్చేది ఇంకోటి.

పసుపు రంగునే తీసుకుందాం. ఎరుపు 1, ఆకుపచ్చ 1, నీలం 0. అప్పుడు వై విలువ 0.299 + 0.587 = 0.886. నీలం తేడా 0 − 0.886 = −0.886. ఎరుపు తేడా 1 − 0.886 = 0.114. ఇప్పుడు టీవీ వైపు నుంచి చూడండి. దానికి అందినవి ఈ మూడు అంకెలే. 0.886కి 0.114 కలిపితే ఎరుపు 1 వచ్చేసింది. 0.886లోంచి 0.886 పోతే నీలం 0. మిగిలింది ఆకుపచ్చ: 0.886లోంచి ఎరుపు వాటా 0.299 తీసేసి 0.587తో భాగిస్తే 1. పోయినది ఏమీ లేదు. అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం నుంచి వై, తేడాల పద్ధతికి మారడం, తిరిగి వెనక్కి రావడం కేవలం కూడికలు, తీసివేతలు, గుణకార భాగహారాల పని. అందుకే ఈ రెంటి మధ్య మార్చే సర్క్యూట్లతో నాణ్యత దాదాపు తగ్గదు.

మూడు తీగలు, రెండు తీగలు, ఒక తీగ

వై, రెండు తేడాలు మూడు విడి తీగల్లో వస్తే అది కాంపోనెంట్. డీవీడీ ప్లేయర్ల వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంధ్రాలుగా చూసి ఉంటారు. వై ఒక తీగలో, రంగు మొత్తం ఇంకో తీగలో వస్తే ఎస్-వీడియో. 1987లో జపాన్ కంపెనీ జేవీసీ తెచ్చిన ఎస్-వీహెచ్ఎస్ (వీహెచ్ఎస్ కంటే పదునైన రకం) మిషన్లతో వాడుకలోకి వచ్చింది. నాలుగు సన్నటి కాళ్లున్న గుండ్రటి పిన్ను అది. అన్నీ ఒకే తీగలో కలిసిపోతే కాంపోజిట్, మన ఇళ్లలోని పసుపు పిన్ను. తెలుపు, ఎరుపు పిన్నులు ధ్వనికి మాత్రమే, ఎడమ కుడి స్పీకర్లవి. వాటికి బొమ్మతో సంబంధం లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, కాంపోజిట్‌నీ ధ్వనినీ కలిపి ఒక టీవీ ఛానెల్‌లా మార్చి యాంటెన్నా రంధ్రంలోకి పంపే పద్ధతి. పాత టీవీ గేములు ఇలాగే ఆడేవాళ్లం.

కాంపోజిట్‌లో రంగును ఒక ఎక్కువ ఫ్రీక్వెన్సీ అల మీద ఎక్కించి వై మీద కలిపేస్తారు. మన పద్ధతిలో ఆ అల 4.43 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 44.3 లక్షల సార్లు ఊగుతుంది. అదే ప్రాంతంలో బొమ్మలోని సన్నటి వివరాలు కూడా ఉంటాయి. చిక్కంతా ఇక్కడే పుట్టింది.

లెక్క చూద్దాం. ఒక గీతలో బొమ్మ కనిపించే సమయం 52 మైక్రోసెకన్లు. ఆ సమయంలో 4.43 మెగాహెర్ట్జ్ అల సుమారు 230 సార్లు పైకీ కిందికీ వెళ్తుంది. అంటే తెర వెడల్పునా దాదాపు 230 నల్ల తెల్ల నిలువు చారల జంటలు పట్టేంత సన్నటి గళ్ల చీర కెమెరా ముందుకు వచ్చిందనుకోండి. ఆ చారల సిగ్నలూ, రంగు సిగ్నలూ ఫ్రీక్వెన్సీలో ఒకటే. టీవీ ఆ చారలను రంగు అనుకుంటుంది. చీర మీద లేని ఇంద్రధనస్సు ఒకటి మెరుస్తూ కదులుతుంది. వార్తలు చదివేవాళ్లను సన్నటి గళ్ల బట్టలు వేసుకోవద్దనడం ఇందుకే. తిరగేస్తే, రంగును వివరం అనుకున్నప్పుడు ముదురు రంగుల అంచుల్లో చిన్న చుక్కలు పాకుతాయి.

కలిసిన రెంటినీ విడదీయడానికి టీవీల్లో ఫిల్టర్లుంటాయి. మంచివి పక్కపక్క గీతలను పోల్చి ఏది రంగో ఏది వివరమో లెక్కేస్తాయి. చాలా మేలైనవే. అయినా కథల్లోని హంసలా పాలనూ నీళ్లనూ పూర్తిగా వేరు చేయలేవు.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఎస్-వీడియో నుంచి కాంపోజిట్‌కి రావడం చాలా తేలిక. రెండు తీగలను కలపడమే కాబట్టి ఒక చిన్న కెపాసిటర్ ఉన్న అడాప్టర్ ఆ పని చేసేస్తుంది. అదే అడాప్టర్‌ని తిరగేసి కాంపోజిట్ నుంచి ఎస్-వీడియో చేయాలనుకుంటే కుదరదు. తీగలైతే కలుస్తాయి, కలిసిన సిగ్నల్ మాత్రం విడిపోదు. విడదీసే సర్క్యూట్ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. అలా విడదీశాక వచ్చేది కూడా అసలు ఎస్-వీడియోతో సమానం కాదు, ఎందుకంటే నష్టం ముందే జరిగిపోయింది. పసుపు పిన్నులోంచి వచ్చిన బొమ్మను ఖరీదైన కాంపోనెంట్ కన్వర్టర్ గుండా పంపితే మెరుగవుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ కన్వర్టర్‌లోని విడదీసే ఫిల్టరు టీవీలోని ఫిల్టరు కంటే మంచిదైతేనే అందులో నిజం ఉంటుంది.

రంధ్రాల దగ్గర జరిగే పొరపాట్లు

కాంపోనెంట్‌లో ఆకుపచ్చ తీగ వై మోస్తుంది, అందులోనే సింక్ కూడా ఉంటుంది. కాబట్టి డీవీడీ ప్లేయర్ ఆకుపచ్చ రంధ్రం నుంచి తీగ లాగి టీవీ పసుపు రంధ్రంలో పెడితే శుభ్రమైన నలుపు తెలుపు బొమ్మ వస్తుంది. రంగు వేరే తీగల్లో ఉండిపోయింది, అంతే. దీన్ని చూసి ప్లేయర్ పాడైందనుకోనక్కర్లేదు.

చోటు కలిసొస్తుందని చాలా టీవీల్లో ఆకుపచ్చ రంధ్రాన్నే పసుపు పిన్నుకి కూడా కేటాయించారు. ఆకుపచ్చ వలయం మీద సగం పసుపు రంగో, పక్కన "వీడియో" అనో ఉంటుంది. ఐదు తీగల గుత్తిలో ఎరుపు పిన్నులు రెండుంటాయి. ఒకటి బొమ్మలోని ఎరుపు తేడా, ఇంకోటి కుడి స్పీకరు ధ్వని. అవి తారుమారైతే బొమ్మ రంగు తప్పుతుంది, స్పీకరులోంచి గుర్రుమనే చప్పుడు వస్తుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం లాంటి ఒక్క రంధ్రమే ఉన్న టీవీలకు కంపెనీ ఇచ్చే చిన్న తీగ వేరు, పాత క్యామ్‌కార్డర్‌తో వచ్చిన తీగ వేరు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లోపల బొమ్మ, ధ్వని, ఎర్త్ ఏ వలయంలో ఉన్నాయన్న వరస మాత్రం మారిపోతుంది. ఒకదాని బదులు ఇంకోటి వాడితే బొమ్మ రాకపోవడం, లేదా ధ్వని రావాల్సిన చోట బుర్రుమనడం అందుకే.

అమెరికా క్యాసెట్టు మన టీవీలో ఎందుకు దొర్లింది

ఇంతవరకూ చెప్పుకున్నది ఒకే లెక్కలో నడిచే సిగ్నళ్ల గురించి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు 80లు, 90లలో మనవరాలి పుట్టినరోజు టేపు ఇంటికి పంపితే వచ్చిన చిక్కు వేరు. అది లెక్కే మారిపోయిన చిక్కు.

అమెరికా, జపాన్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకి దాదాపు 60 ఫీల్డులు, రంగు అల 3.58 మెగాహెర్ట్జ్. మనదీ, యూరప్‌లో చాలా దేశాలదీ పాల్: 625 గీతలు, 50 ఫీల్డులు, 4.43 మెగాహెర్ట్జ్. ఫీల్డుల సంఖ్య ఆయా దేశాల కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఏర్పడింది. అమెరికాలో 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఫ్రాన్స్‌లో పుట్టిన సెకామ్ మూడోది. దానిలో గీతలు, ఫీల్డులు పాల్ లాగే, రంగును కట్టే తీరు వేరు.

పాల్‌ను జర్మనీలోని టెలిఫుంకెన్ కంపెనీ‌లో వాల్టర్ బ్రూఖ్ రూపొందించారు. 1967లో పశ్చిమ జర్మనీలోనూ బ్రిటన్‌లోనూ ప్రసారాలు మొదలయ్యాయి. ఎన్‌టీఎస్‌సీలో సిగ్నల్ దారిలో కాస్త అటూ ఇటూ అయితే మొహాలు పచ్చగానో ఊదాగానో మారిపోయేవి. అందుకే అమెరికా టీవీలకు టింట్ అని ఒక మీట ఉండేది. పాల్ రంగు సిగ్నల్‌లో ఒక భాగాన్ని గీత విడిచి గీత తలకిందులు చేస్తుంది. ఒక గీతలో వచ్చిన తప్పు తర్వాతి గీతలో ఎదురుగా వచ్చి రెండూ కొట్టుకుపోతాయి. రంగు కొంచెం పలచబడుతుంది కానీ మారదు.

ఇప్పుడు ఆ టేపు సంగతి. వీహెచ్ఎస్ మిషనులో టేపును చదివే రెండు హెడ్లున్న డ్రమ్ము తిరుగుతూ ఒక్కో సగం చుట్టుకీ ఒక ఫీల్డు చదువుతుంది. పాల్‌కి సెకనుకి 25 చుట్లు, అంటే నిమిషానికి 1500. ఎన్‌టీఎస్‌సీకి 1800. టేపు నడిచే వేగం కూడా వేరు: పాల్‌లో సెకనుకి 23.39 మిల్లీమీటర్లు, ఎన్‌టీఎస్‌సీలో 33.35. అందుకే అమెరికాలో 120 నిమిషాలు వచ్చే టీ-120 క్యాసెట్టును మన మిషన్లో పెట్టి రికార్డు చేస్తే దాదాపు 170 నిమిషాలు పడుతుంది. లోపలి టేపు ఒకటే, దాని మీద రాసిన పద్ధతే వేరు. పాల్ ఒక్కటే తెలిసిన వీసీపీ ఆ రాతను సరిగ్గా చదవలేదు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన మల్టీ సిస్టమ్ వీసీఆర్లు, అంటే రెండు పద్ధతులూ తెలిసినవి, చదివేవి. కానీ చదివాక టీవీకి అర్థం కావాలి కదా. అక్కడ కనిపించే రెండు లక్షణాలు రెండు వేర్వేరు కారణాలను చెబుతాయి. బొమ్మ నిలబడి నలుపు తెలుపుల్లో ఉంటే, టీవీ 60 ఫీల్డులను పట్టుకోగలిగింది, రంగు కట్టు మాత్రం విప్పలేకపోయింది. రంగు ఉండి బొమ్మ పైకి దొర్లుతుంటే, రంగు అర్థమైంది, ఫీల్డుల లెక్క కుదరలేదు.

సగం మార్పుతో గట్టెక్కిన ఉపాయం

వీసీఆర్ తయారీదారులు ఇక్కడ ఒక ఉపాయం చేశారు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎన్‌టీఎస్‌సీ టేపులోంచి వచ్చే 525 గీతలనూ 60 ఫీల్డులనూ ముట్టుకోకుండా, రంగును మాత్రం పాల్ తరహాలో 4.43 అల మీదకి ఎక్కించి పంపారు. దీన్ని పాల్-60 అంటారు. మెమరీ అక్కర్లేదు, కాబట్టి ఖర్చు తక్కువ.

మరి 625 గీతలకు తయారైన టీవీ 525 గీతలను ఎలా చూపించగలిగింది? సెకనుకి ఎన్ని గీతలో లెక్కేస్తే తెలుస్తుంది. పాల్: 625 × 25 = 15,625. ఎన్‌టీఎస్‌సీ: 525 × 29.97 = సుమారు 15,734. తేడా 109 మాత్రమే, ఒక శాతం కూడా లేదు. అంటే కిరణాన్ని ఎడమ నుంచి కుడికి నడిపే సర్క్యూట్‌కి రెండూ ఒకటే. పై నుంచి కిందికి నడిపేది మాత్రం సెకనుకి 50 సార్లకు బదులు 60 సార్లు తిరగాలి. 90లలో వచ్చిన చాలా కలర్ టీవీలు ఏవీ రంధ్రంలో (పసుపు పిన్ను గుచ్చే చోట) ఇది సహించేవి. ఇంకా పాతవాటిలో వెనక ఉన్న వర్టికల్ హోల్డ్ మీట తిప్పితే కొన్నిసార్లు నిలబడేది, బొమ్మ కాస్త నొక్కుకుపోయినట్టు ఉన్నా.

ఆ 29.97 ఏమిటన్న సందేహం సహజం. 1953లో రంగు కలిపినప్పుడు, రంగు అల ధ్వని అలతో ఢీకొని తెర మీద గీతలు పడకుండా మొత్తం వేగాన్ని వెయ్యిలో ఒక వంతు తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది, 60 ఫీల్డులు 59.94 అయ్యాయి.

పాల్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటేననీ కాదు. మన పాత యాంటెన్నా ప్రసారాల్లో ధ్వని అల బొమ్మ అలకు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉండేది, బ్రిటన్‌లో 6 మెగాహెర్ట్జ్. లండన్ నుంచి తెచ్చిన పాత టీవీకి అప్పట్లో ఇక్కడి యాంటెన్నా తగిలిస్తే బొమ్మ వచ్చినా మాట రాకపోవడానికి కారణం అదే. పసుపు పిన్నుతో కలిపితే ధ్వని వేరే తీగలో వస్తుంది కాబట్టి ఈ చిక్కే లేదు.

60ని 50 చేయడంలోని అసలు కష్టం

పాల్-60 పూర్తి మార్పు కాదు. దాన్ని ఒక పాల్ వీసీఆర్‌లో రికార్డు చేయాలంటే కుదరదు. నిజంగా 525/60ని 625/50 చేయాలంటే గతించిన క్షణాలను దాచుకుని, వాటి నుంచి కొత్త క్షణాలను తయారుచేయాలి. మొదట్లో దీనికి దారి లేక ఒక తెర మీద ఒక పద్ధతిలో బొమ్మ వేసి, దాని ముందు ఇంకో పద్ధతి కెమెరా పెట్టి తీసేవాళ్లు. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి బీబీసీ ఇంజినీర్లు ఫీల్డు మొత్తాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో కాసేపు నిలిపి మార్చే యంత్రాన్ని వాడుకలోకి తెచ్చారు.

కష్టం ఎక్కడుందో అంకెల్లో చూడండి. సెకనులో పదో వంతు తీసుకుందాం. ఎన్‌టీఎస్‌సీలో ఆ కాసేపట్లో 6 ఫీల్డులు, సుమారుగా 0, 16.7, 33.3, 50, 66.7, 83.3 మిల్లీసెకన్ల దగ్గర తీసినవి. పాల్‌కి కావాల్సినవి 5: 0, 20, 40, 60, 80 దగ్గర. 20 దగ్గర తీసిన బొమ్మ మన దగ్గర లేదు. దగ్గర్లో ఉన్నది పెడదామంటే వరస ఇలా వస్తుంది: 0, 16.7, 33.3, 66.7, 83.3. మధ్యలో 50 నాటిది ఎగిరిపోయింది. నాలుగు అడుగులు సమానంగా వేసి ఒకచోట రెండడుగులు ఒకేసారి దూకినట్టు కదలిక ఉంటుంది, సెకనుకి పది సార్లు. కెమెరా మెల్లగా పక్కకి తిరుగుతున్నప్పుడు ఈ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది.

రెండో దారి కలపడం. 40 దగ్గరి బొమ్మ కావాలంటే 33.3 నాటిది 60 శాతం, 50 నాటిది 40 శాతం తీసుకుని కలుపుతారు. కుదుపు పోతుంది. కానీ కదిలే చెయ్యి ఒకటి గట్టిగా, ఒకటి పలచగా రెండుగా కనిపిస్తుంది. మూడోది, బొమ్మలో ఏ ముక్క ఎటు కదులుతోందో కనిపెట్టి 40 దగ్గర అది ఎక్కడ ఉండేదో లెక్కగట్టి అక్కడ పెట్టడం. అన్నిటికంటే మంచి ఫలితం ఇదే, తప్పినప్పుడు కనిపించే వింతలు కూడా దీనివే: వేళ్లు అతుక్కుపోవడం, అంచులు కరిగినట్టు కావడం. గీతల మార్పు దీని ముందు చిన్న పని. 525లో బొమ్మగా కనిపించే 480 గీతలను 576 చేయడమంటే ప్రతి 5 గీతల నుంచి 6 తయారుచేయడం.

సినిమాల సంగతి ఇంకో తీరు. ఫిల్ము సెకనుకి 24 బొమ్మలు. పాల్‌లో దాన్ని 25గా పరిగెత్తించేస్తారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, పాట శ్రుతి కొంచెం పెరుగుతుంది. ఎన్‌టీఎస్‌సీలో ఒక బొమ్మను రెండు ఫీల్డులు, తర్వాతి బొమ్మను మూడు ఫీల్డులు చూపిస్తూ 24ని 60కి సరిపెడతారు. అమెరికాలోని ఇండియన్ కిరాణా కొట్లలో అద్దెకిచ్చిన తెలుగు సినిమా క్యాసెట్లలో పాల్ టేపు నుంచి మళ్లీ ఎన్‌టీఎస్‌సీ చేసినవి ఉండేవి. అంటే 24 నుంచి 25, 25 నుంచి 30, ఆపైన కాపీకి కాపీ. ఆ మసకకు టేపునొక్కదాన్నే తప్పుపట్టలేం.

హెచ్‌డీఎంఐ పెట్టె లోపల ఏం చేస్తుంది

ఇప్పుడు బజార్లో దొరికే ఏవీ టు హెచ్‌డీఎంఐ పెట్టె పైన చెప్పిన మూడు పనులూ ఒకేసారి చేస్తుంది. సిగ్నల్‌ని అంకెలుగా మార్చడం, రంగు విడదీయడం, రెండు ఫీల్డులను కలిపి పూర్తి బొమ్మ చేయడం, దాన్ని 720 లేదా 1080 గీతలకు సాగదీయడం. అంకెలుగా మార్చే పద్ధతి మీద 1982లోనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది: సెకనుకి 1.35 కోట్ల నమూనాలు, అంటే వోల్టేజీని అన్నిసార్లు కొలిచి రాసుకోవడం. ఈ అంకె ఎంపికలో చాలా తెలివి ఉంది. పాల్ గీతకు సరిగ్గా 864, ఎన్‌టీఎస్‌సీ గీతకు సరిగ్గా 858 నమూనాలు వస్తాయి. రెండింటిలోనూ బొమ్మ భాగానికి 720. అందుకే ఒకే చిప్ రెండు పద్ధతులనూ చదవగలుగుతోంది.

చవక పెట్టెల్లో చాలావాటి చిక్కు బయటికి పంపే దగ్గర. లోపలికి 50 వచ్చినా బయటికి 60 పంపుతాయి. పైన చూసిన కుదుపే ఇక్కడ తిరగబడి వస్తుంది, అదీ సొంతింటి పాల్ టేపుకి. మన పాత బొమ్మ 4:3 వెడల్పుది, దాన్ని 16:9కి సాగదీయడంతో మొహాలు లావెక్కుతాయి. దీన్ని టీవీ సెట్టింగ్‌లోనే సరిచేయొచ్చు. హెచ్‌డీఎంఐ టు ఏవీ అనేది వేరే పెట్టె. కొత్త సెట్ టాప్ బాక్సు బొమ్మను డబ్బా టీవీకి పంపేది అది. పేర్లు అటూ ఇటూ ఉన్నాయి కదా అని ఒకదాన్ని తిరగేసి వాడడం కుదరదు.

"పాత టీవీలో బాగానే వస్తోంది, ఈ పెట్టె పెడితే నీలం తెర వస్తోంది" అనే ఫిర్యాదుకి కారణం టేపు. పాత టేపులో ఒక్కో గీత కాస్త ముందూ వెనకగా వస్తుంది. డబ్బా టీవీ దానితోపాటు తనూ సర్దుకుంటుంది. అంకెల చిప్ కచ్చితమైన వేళకి ఎదురుచూసి, రాకపోతే సిగ్నల్ లేదనేస్తుంది. గీతలను కాసేపు దాచుకుని గడియారం ప్రకారం వదిలే పరికరం టైమ్ బేస్ కరెక్టర్. అది దీనికోసమే పుట్టింది. కొనుక్కున్న సినిమా క్యాసెట్లలో కాపీ చేయకుండా పెట్టిన మాక్రోవిజన్ సంకేతం కూడా ఇలాంటి గొడవే చేస్తుంది: బొమ్మ వెలుగు ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది.

ఎస్-వీడియో అవసరమా? ఫీల్డులను కలిపేయాలా? రెండు వాదాలు

వీహెచ్ఎస్‌కి ఎస్-వీడియో దండగ అనేవాళ్ల లెక్క ఇది: ఈ టేపులో వివరం సుమారు 3 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, తెర మీద పక్కపక్కన 240 నిలువు గీతలు విడిగా కనిపించేంత పదును. పాల్ రంగు అల 4.43 దగ్గర ఉంది. రెండూ పెద్దగా కలవవు కాబట్టి విడదీయడంలో పోయేది తక్కువ. ఎస్-వీడియో కావాలనేవాళ్ల మాట: టేపు మీద రంగునూ వెలుగునూ విడిగానే రాస్తారు, రంగును 627 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించి. వీసీఆర్ వాటిని కలపడం, మళ్లీ కన్వర్టర్ విడదీయడం అనవసరపు పని. రెండూ సరైన మాటలే. పాల్ పెళ్లి టేపుకి తేడా స్వల్పం. రంగు అల 3.58 దగ్గరున్న ఎన్‌టీఎస్‌సీ టేపుకి కొంచెం ఎక్కువ. హై8 క్యామ్‌కార్డర్ టేపుకి, ఎస్-వీహెచ్ఎస్‌కి మాత్రం తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే వాటిలో వివరం 4 మెగాహెర్ట్జ్ దాటుతుంది.

ఇంకో వివాదం దాచుకునే పద్ధతి మీద. ఒక పక్షం, టేపు ఎలా ఉందో అలాగే, 576 గీతలు, 50 ఫీల్డులుగా దాచాలంటుంది. ఫీల్డులను కలిపే పద్ధతులు ఏటా మెరుగవుతున్నాయి, ఈరోజు కలిపేస్తే రేపటి మంచి పద్ధతి అందదు. ఇంకో పక్షం, ఫోనులో చూసుకునే ఇంటివాళ్లకి ఆ ఫైలు తెరవడమే కష్టమంటుంది. డీవీ (డిజిటల్ క్యామ్కార్డర్లు వాడిన) పద్ధతిలో దాచితే గంటకి 13 జీబీ, ఫోనుకి పంపే ఎంపీ4 అయితే ఒకటి రెండు జీబీలే. హార్డ్ డిస్కులు చవకైన ఈ రోజుల్లో నా మొగ్గు మొదటి పక్షం వైపు. దాని నుంచి రెండోది ఎప్పుడైనా తయారవుతుంది, రెండోదాని నుంచి మొదటిది తయారుకాదు.

ఒకే క్యాసెట్టు, మూడు దారులు

1994లో అమెరికాలో తీసిన ఒక ఎన్‌టీఎస్‌సీ వీహెచ్ఎస్ టేపు, విజయవాడలో ఒక మల్టీ సిస్టమ్ వీసీఆర్, ఒక కొత్త ఎల్‌ఈడీ టీవీ ఉన్నాయనుకుందాం.

మొదటి దారి: వీసీఆర్‌ని పాల్-60లో పెట్టి పసుపు పిన్నుతో చవక హెచ్‌డీఎంఐ పెట్టెకి. కొన్ని పెట్టెలు ఈ సంకరజాతి సిగ్నల్‌ని గుర్తుపట్టవు. 60 ఫీల్డులు చూసి ఇది ఎన్‌టీఎస్‌సీ అనుకుని రంగు కోసం 3.58 దగ్గర వెతుకుతాయి, దొరక్క నలుపు తెలుపు చూపిస్తాయి. డబ్బా టీవీని గట్టెక్కించిన ఉపాయమే ఇక్కడ అడ్డు.

రెండో దారి: అదే వీసీఆర్‌లో మీట మార్చి అసలు ఎన్‌టీఎస్‌సీనే బయటికి పంపడం. ఇప్పుడు లోపల 60, బయట 60. కుదుపు ఉండదు, రంగు వస్తుంది. ఏ మెమరీ చిప్పూ కొత్త క్షణాలను కల్పించాల్సిన పని పడలేదు. ఇప్పటి టీవీలు 50నీ 60నీ రెండింటినీ చూపించగలవు కాబట్టి, మన దేశపు టీవీకి పాల్ చేసి తీరాలన్న పాత నియమం ఇక్కడ వర్తించదు.

మూడో దారి: ఎవరో 90లలోనే స్టూడియోలో పాల్‌కి మార్పించి పంపిన కాపీ ఇంట్లో ఉంది, శుభ్రంగా, గీతలు లేకుండా. అసలు టేపేమో కాస్త పాడైంది. చూడ్డానికి కాపీయే బాగుందనిపిస్తుంది. కానీ దానిలో ప్రతి కదలికా రెండు క్షణాలు కలిపి తయారుచేసినది, ఆ కలయికను ఇప్పుడు విడదీయలేం. అసలు టేపు మీది గీతలు చాలాసార్లు హెడ్డు శుభ్రం చేసి, ట్రాకింగ్ (హెడ్డు టేపు మీది రాత వెంటే నడిచే తీరు) సరిచేస్తే తగ్గుతాయి. అందుకని అనుభవం ఉన్న మెకానిక్‌లు ముందు అమెరికా టేపునే తిప్పి చూస్తారు. అది ఎంతకీ నిలబడకపోతేనే కాపీ దగ్గరికి వస్తారు.